చప్పుడు లేని రోడ్డు

స్టేట్ హైవే అని పేరే గానీ ఆ రోడ్డుకి ఆ దర్జా ఎక్కడా కనిపించదు. రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్లో పుట్టి, ఇటుక బట్టీల మధ్య వంకర్లు తిరిగి, పాత వంతెన మీద బిక్కుబిక్కుమంటూ నడిచి, దారిలో తగిలిన ప్రతి చిన్న ఊరినీ నడిమికి చీల్చుకుంటూ కోర్టు ఉన్న పట్నం దాకా పోతుంది. ఊళ్ల మధ్యకి వచ్చేసరికి మరీ ఇరుకు. అటు అరుగు మీద కూర్చున్నవాడు ఇటు కొట్టువాడితో గొంతు పెంచకుండానే మాట్లాడుకోవచ్చు. ఆ మాటల మధ్యలోంచే ఇసుక లారీలు పోతుంటాయి.

ఈ రోడ్డు మీద పుట్టే గుంతలన్నిటికీ ఒక్కడే దిక్కు. ఆయన్ని గుంతల మేస్త్రి అంటారు. అసలు పేరు జీతమిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే గ్యాంగ్‌ని ట్రాక్టరెక్కించుకుని, తారు డబ్బాలూ కంకరా వేసుకుని, ఈ కొస నుంచి ఆ కొసకి తిరగడమే ఆయన బతుకు.

"మేస్త్రీ, నువ్వు గుంతలు పూడుస్తున్నావా, విత్తనాలు వేస్తున్నావా? వాన పడితే చాలు, మళ్లీ మొలుస్తున్నాయి!" అని టీకొట్టు దగ్గర ఆటపట్టిస్తే, "మొలవకపోతే నాకు కూడెవడు పెడతాడయ్యా?" అని తనూ నవ్వేసేవాడు.

పెళ్లీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా అక్క. తల్లి పోయేనాటికి ఆయన తప్పటడుగులు వేసే పిల్లాడు. ఎత్తుకుని పెంచింది అక్కే. రోడ్డు చీల్చిన ఆ చిన్న ఊళ్లలో ఒకటి వాళ్లది, ఆ ఊరంతా ఆవిడ్ని మిషనక్క అంటుంది. రోడ్డుకి ఇటు వాళ్ల ఇల్లు, సరిగ్గా ఎదురుగా అటు ఆవిడ కుట్టు మిషను కొట్టు. కాజాలు కుట్టీ కుట్టీ కళ్లు పోగొట్టుకుంది. నాలుగడుగుల అవతల చీర రంగు తెలుస్తుంది, కట్టుకున్నదెవరో తెలియదు. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చేతులెత్తేశాడు. అయినా ఇంటికీ కొట్టుకీ మధ్య రోజుకెన్నిసార్లు తిరిగేదో లెక్కే లేదు.

ఎలా తిరిగేదంటారా? చెవులతో. ఊరి మొదట ఒకటి, చివర ఒకటి, రెండు స్పీడ్ బ్రేకర్లుండేవి. మేస్త్రి చేతి పనే. ఏ బండి ఊళ్లోకి వచ్చినా ముందు వాటి మీద పడి ధడేల్‌మనాల్సిందే. లారీలైతే వెనక తలుపు గొలుసులతో సహా గోలపెట్టేవి. ఏళ్ల తరబడి ఆ చప్పుడు విని విని ఊరి జనం రోడ్డు వైపు చూడడమే మానేశారు. ధడేల్‌మంటే ఆగడం, లేదంటే దాటేయడం. కొత్త కోడళ్లు మొదట్లో బెదిరినా, నెల తిరిగేసరికి వాళ్లూ తల తిప్పకుండా బిందెతో దాటేసేవారు. బుద్ధి తక్కువ అలవాటే, కానీ అందరికీ ఉన్న బుద్ధి తక్కువని ఎవరు వేలెత్తి చూపిస్తారు?

ఒకనాడు ఇంజనీరు జీపు దిగాడు.

"మన మంత్రిగారు, పెద్దాయన, ఆయన కార్లు ఈ దారినే వస్తున్నాయి. ఆయనకి నడుం నొప్పి. కుదుపు తగలకూడదు. ఆ రెండూ చెక్కేయించు."

"సార్, ఈ ఊరికి వాటి చప్పుడే ఆధారం సార్," అన్నాడు మేస్త్రి.

"ఆయన వెళ్లగానే మళ్లీ వేసేద్దాంలేవయ్యా. అదెంత పని?"

మేస్త్రి గడ్డపార పట్టుకున్నాడు. తన చేత్తో వేసినవాటిని తన చేత్తోనే చెక్కాడు. పెద్దాయన కార్లు కన్నుమూసి తెరిచేలోగా పోయాయి. ఊరికి దుమ్ము మిగిలింది. ఇక చూస్కోండి, తారు పట్నం పనికి పోయిందన్నారు, రోలరు రిపేరన్నారు, ఇంజనీరు ఫోనెత్తడం మానేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే.

బ్రేకర్లు చెక్కేసిన సాయంత్రం నుంచే ఊరు వింతగా ఉంది. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆ ధడేల్ చప్పుడు లేదు. రోజంతా ఉండే ఇంజను మోతని ఆ ఊరి చెవులు ఏనాడో పట్టించుకోవడం మానేశాయి. వచ్చే బండి మెత్తగా జారుకుంటూ వచ్చి, పక్కన గాలి కొట్టినప్పుడు గానీ తెలిసేది కాదు. ముందు టీకొట్టు కుక్క పోయింది. తర్వాత పాలవాడు సైకిలుతో సహా మురిక్కాలవలో పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. "చూసి దాటండర్రా, మీకు పుణ్యముంటుంది!" అని మేస్త్రి గడప గడపకీ తిరిగి చెప్పాడు. అందరూ సరేనన్నారు. మర్నాడు చూస్తే అదే నడక, మెడ తిప్పితే ఒట్టు. రోడ్డుకి అడ్డంగా రాళ్లు పెడితే పోలీసులు తీయించారు. ఖాళీ తారు డబ్బాలు పెడితే లారీ తొక్కుకుంటూ పోయింది. ఎవరో ఒకరు పోయేదాకా ఈ రోడ్డు ఊరుకోదని ఆయనకి తెలుస్తూనే ఉంది. ఆ ఒకరు ఎవరన్న ఆలోచన వస్తే కళ్లు అక్క కొట్టు వైపే పోయేవి.

అక్కని కూర్చోబెట్టి చెప్పాడు.

"చెవుల్ని నమ్మకే అక్కా. అంచున నిలబడు. ఎవరో ఒకరిని అడుగు. నేనుంటే నన్నడుగు. నేను రమ్మంటే రా, ఆగమంటే ఆగు. ఎందుకూ, ఏమిటీ అనొద్దు."

"నీకు రోడ్డు దాటడం నేర్పిందే నేనురా! ఇప్పుడు నువ్వు నాకు పాఠాలా?"

"అక్కా!"

ఆ ఒక్క పిలుపులో ఏం వినిపించిందో గానీ ఆవిడ నవ్వు మానేసింది. ఆ వారమంతా పనికి వెళ్లేముందు అన్నం పెట్టడం, పాఠం చెప్పించుకోవడం, రెండూ జరిగాయి. ఆయన ఇంటి ముందు నిలబడి "రా" అంటే వచ్చేది, "ఆగు" అంటే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేది. "స్కూల్లో వేసినా ఇంత బాగా చదివేదాన్ని కాదురా," అని వేళాకోళం చేసేది గానీ, బుద్ధిగా నేర్చుకుంది. ఊళ్లో ఆ అలవాటు మార్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

తర్వాత ఒకరోజు వంతెన దగ్గర పని చేస్తుంటే ఇంజనీరు మనిషొచ్చి చెప్పాడు. తారు వచ్చింది, రేపే బ్రేకర్లు వేసేయమన్నారు. మేస్త్రి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ట్రాక్టరు కోసం కూడా ఆగకుండా మధ్యాహ్నం బస్సెక్కేశాడు. దారి పొడుగునా ఎంత ఎత్తు వేయాలా అనే ఆలోచనే. ఈసారి రోలరు పెట్టి తొక్కించినా కదలకుండా వేస్తాననుకున్నాడు.

ఇంటి ముందు బస్సు దిగాడు. బస్సు కదిలింది. ఎదురుగా కొట్టు ముందు అక్క నిలబడి ఉంది. నేర్పినట్టే అంచున, చెప్పులు తారు మీద పడకుండా. ఆయన్ని చొక్కా రంగుని బట్టి పోల్చుకుంది.

"ఏరా, ఇంత పెందలాడే వచ్చేశావేం? రానా?"

చెప్పాల్సిన కబురు ఆయన నాలుక చివర ఉంది. ఊరి మొదట చప్పుడు లేదు. చివరా చప్పుడు లేదు. అలవాటులో పొరపాటంటారే, అది ఇదే. వాటిని తన చేతులతో చెక్కిన మనిషి, ఊరందరికీ గొంతు పోయేలా చెప్పిన మనిషి, తనూ చెవులనే నమ్మాడు.

"రా అక్కా, ఏం లేదు!"

ఆవిడ ఇక ఎవరినీ అడగలేదు. తమ్ముడు రమ్మన్నాడు కదా. కొంగు సర్దుకుని రోడ్డు మీదకి దిగింది.

వెళ్తున్న బస్సు చాటునుంచి అప్పుడు బయటపడింది, ఎదురుగా వస్తున్న ఇసుక లారీ.

"ఆగు!" అని అరిచాడు. ఆయన ఉద్దేశం లారీనో, అక్కనో, ఆయనకే తెలియదు. లారీ వినలేదు. మిషనక్క మాత్రం, ఎందుకని అడక్కుండా, తమ్ముడు నేర్పినట్టే, ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది, రోడ్డు నడిమధ్యలో.