వాదీ దగ్గర ఆగిన కథ

మంగళవారం. రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను. వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరాను. మినప్పప్పు కడుగుతుండగా ఫోన్ వచ్చింది. మా మేడమ్ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని ఆవిడ భర్త చెప్పారు. నీళ్ళు తేటబడ్డాక కూడా పప్పు కడుగుతూనే ఉన్నాను.

ఈ అరబ్బు దేశంలో, దార్సైట్‌లో మా బిల్డింగ్‌లోనే ఉండేవారు మేడమ్. ఇక్కడి బడిలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ తరవాత శుక్రవారాలు తన హాల్లో తెలుగు పిల్లలకు కథలు చదివేవారు. పిల్లలు ఎక్కువయ్యేసరికి మాలాంటి తల్లులం కొందరిని టీచర్లుగా తయారు చేయడం మొదలుపెట్టారు.

మొదటి రోజు తలా ఒక అరబిక్ బొమ్మల పుస్తకం చేతికిచ్చి, పైకి చదవమన్నారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నా మాకు ఆ అక్షరాలు రావు. నా వంతు దగ్గర పడగానే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని లేచాను. ఆవిడ నవ్వారు.

"పాలు ఎక్కడికీ పోవు, కూర్చోండమ్మా. రేపు మీ ముందు కూర్చునే పిల్లకి కూడా ఇలాగే పారిపోవాలనిపిస్తుందండి. అది గుర్తుంటే చాలు, మిగతాదంతా నేను నేర్పుతాను."

మిగతాదంతా చిన్న చిన్న సంగతులే. పేజీ తిప్పేముందు దాని మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేవారు. చదవడం అవగానే ప్రశ్నలు వేయొద్దనేవారు, ముందు గదిని ఊపిరి పీల్చుకోనివ్వమనేవారు. కథను మన ఇష్టానికి మార్చడమంటే ఒప్పుకునేవారు కాదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: "కథలో భయం ఉండొచ్చు. ఆ భయంలో పిల్లల్ని వదిలేసి మాత్రం ఇంటికి పంపకూడదు."

పోవడానికి ముందు శుక్రవారం ఆవిడే ఆ మాట తప్పాల్సి వచ్చింది. ఆ రోజు కథలో, మేకను వెతుక్కుంటూ ఒక పిల్లాడు వాదీలోకి దిగుతాడు. వానొస్తే క్షణాల్లో పొంగే ఆ ఎండు వాగులు మా పిల్లలందరికీ తెలుసు. కొండల వైపు నుంచి నీళ్ళ హోరు వినపడే చోట ఆవిడ గొంతు ఆగిపోయింది. నుదురు తుడుచుకుని, కాసిని మంచినీళ్ళు తాగి, "మిగతాది వచ్చే వారం, బంగారాలూ" అన్నారు. ఆ వారం ఆవిడకు రాలేదు.

గురువారం ఆవిడ దేహాన్ని విమానంలో ఊరికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. వాళ్ళది కరీంనగర్ వైపు, భర్త ఇక్కడికి దగ్గర్లో ఘాలాలో పని చేస్తాడు. ఎనిమిదేళ్ళ కూతురు మా క్లాసుకు వస్తుంది.

"నల్లా ఇప్పితే చాలక్కా, బయటికి ఉరుకుతాంది. తానం చేయదు, నిద్రపోదు. మేడమ్ కూడా వాదీల కొట్టుకపోయిందా అంటాంది. నేనేం చెప్పాలె?"

రేపు నేను కథ పూర్తి చేస్తానని చెప్పి పంపాను. తలుపు వేశాక, మేడమ్ భర్త వెళ్తూ ఇచ్చిన ఆ కథ పుస్తకం తీసి మిగిలిన పేజీలు చదివాను. పిల్లాడు బండ ఎక్కి బతుకుతాడు. మేక మాత్రం తిరిగి రాదు.

ఆ తల్లికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మేక దొరికిందని చదువక్కా. ఎవలకు తెలుస్తది?" అంది.

నాకూ అలాగే చదవాలనిపించింది. నిజం చదివితే ఆ పిల్ల భయం ఇంకా ముదిరిపోతుందేమో. అబద్ధం చదివితే, రేపు అదే పుస్తకం దాని చేతికి దొరికినప్పుడు మేడమ్ సంగతిలోనూ మేం అబద్ధమే చెప్పామనుకుంటుందేమో. వంటగది గోడకు ఆ పేజీలు పదే పదే చదివి వినిపించాను. ప్రతిసారీ మేక దగ్గరే ఆగి మళ్ళీ మొదటికొచ్చాను. ఇలాంటి చోట ఏం చేయాలో అడగడానికి కింది అంతస్తుకు వెళ్ళే అలవాటు. ఇప్పుడు అక్కడ తలుపుకు తాళం వేసి ఉంది.

శుక్రవారం పిల్లలు మా హాల్లో కూర్చున్నారు. ఆ పిల్ల చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. రమ్మని పిలవలేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టే చదివాను. నీళ్ళు వచ్చాయి. పిల్లాడు బండ ఎక్కాడు. పొద్దుగూకేదాకా మేకను పిలిచాడు. వాళ్ళ నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని, వాడితో కలిసి తనూ పిలిచాడు. అక్కడితో కథ అయిపోయింది.

నేనేమీ అడగలేదు. గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"మేక రాలేదా ఆంటీ?"

"రాలేదమ్మా."

"మేడమ్ నీళ్ళల్ల పోలేదు కదా?"

"నీళ్ళల్లో కాదు. గుండెకు బాగాలేక, తన మంచం మీదే పోయారు. వాళ్ళాయన పక్కనే ఉన్నారు."

ఆ మాట సరిపోయిందో లేదో నాకు తెలియలేదు. చాలాసేపటికి చెప్పులు విప్పి, వచ్చి నా పక్కన కూర్చుంది. మేక ఉన్న బొమ్మ చూపించమంది. వెనక్కి తిప్పి ఆ పేజీ తీశాను. మేక మెడ మీద చూపుడువేలు పెట్టి, మెల్లగా నిమురుతూ ఉండిపోయింది. ఆ వేలు తీసేదాకా నేను పేజీ కదపలేదు.

మేడమ్ ఈ పిల్లలకు బాకీ పడ్డది మిగిలిన సగం కథ. అది ఆ శుక్రవారం చెల్లింది.