తాగనివాడి కడుపు

జ్ఞానాంబ భర్త గోవిందస్వామి సారా ముట్టినవాడు కాదు. నగరి ఊళ్ళో నేతగాళ్ళు పొద్దు గూకితే సారా అంగడికి నడిచేవారు, ఆయన మగ్గం దిగేవాడు కాదు. అలాంటివాడికి కడుపు కుండలా ఉబ్బింది. ఎప్పుడో వచ్చిన కామెర్లు కాలేయాన్ని రాయిలా గట్టిపరిచాయని తిరుపతి డాక్టరు చెప్పాడు.

వీధిలోవాళ్ళు ఏ డాక్టరునూ అడగలేదు. "ఎన్నో నెలప్పా గోవిందసామీ? సారా బిడ్డేనా?" అన్నాడు పక్కింటి వరదయ్య, పదిమందిలో.

"తాగేది మీరు, పేరు మోసేది మా ఆయనా?" జ్ఞానాంబ మండిపడింది.

గోవిందస్వామి పైపంచె పొట్ట మీదికి లాక్కుని లోపలికి నడిచాడు. జాతర దగ్గరపడుతోంది, ఆ పొట్టతో నలుగురిలోకి ఎలా పోవడం? కడుపులో నీరు దిగడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు ఎవరికీ చెప్పకుండా రెట్టింపు మింగాడు, మంచినీళ్ళు మానేశాడు. పొట్ట తగ్గింది. మూత్రం ఆగిపోయింది.

తిరుపతిలో సెలైన్లు ఎక్కించాక మూత్రం వచ్చింది గానీ డాక్టరు మొహం తేటపడలేదు. "కాలేయం చెడినవాళ్ళకు కిడ్నీలు కూడా సున్నితమేనమ్మా. ఒళ్ళు ఎండబెట్టుకుంటే ముందు అవే దెబ్బతింటాయి. ఈసారికి తేరుకున్నాయి, మునుపటిలా మాత్రం ఉండవు. ఇంకో దెబ్బ తగిలితే కష్టం."

"ఎవురి కోసం మింగినావయ్యా?" అంది జ్ఞానాంబ తిరుగు బస్సులో. "ఆ తాగుబోతులు సూసి మెచ్చుకుంటారనా?"



ఆ తర్వాత ఆయన పూటంతా నేయగలిగింది లేదు. మగ్గం మీద ఆమే ఎక్కువ కూర్చుంది. మరుసటి వేసవిలో ఆయనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కిడ్నీలు మళ్ళీ ఆగాయి. ఈసారి మనిషి దక్కలేదు.

పాడె కట్టాక మోసేవాళ్ళు కదలలేదు. వాళ్ళ తరఫున వరదయ్య వచ్చాడు. "వదినా, మోసేటోళ్ళకు సారా పొయ్యాల గదా. మన ఆనవాయితీ."

"తాగినాడని బతికినన్నాళ్ళూ పొడుసుకు తింటిరి. ఇప్పుడు ఆయన పేరు సెప్పి తాగుతారా?"

"తాగకుండా ఎవురూ ఎత్తరు, సూడు మరి."

"ఎత్తబాకండి. మీ సేతులు పడకుంటేనే మేలు."

ఆమె పాడె కొన పట్టుకుంది. తమ్ముడు కుప్పయ్య ఇంకో కొన పట్టాడు. మిగతా రెండు కొనలకు ఎవరూ రాలేదు. చాలాసేపటికి అవతలి వీధి నేతగాళ్ళిద్దరు తువ్వాళ్ళు నడుముకు బిగించి వంగారు.

ఆ సాయంత్రం వరదయ్య వాళ్ళు సొంత డబ్బుతోనే తాగారు, జ్ఞానాంబ పొగరు గురించి చెప్పుకుంటూ.