మూడుసార్లు కడిగిన బియ్యం

నిన్న బస్సు దిగి ఇంటికొచ్చి మేజోళ్లు విప్పాను. రోజంతా కాళ్లు వేలాడేసి కూర్చోవడంతో చీలమండల దగ్గర వాచింది. బొటనవేలితో నొక్కితే చిన్న గుంట పడి, నెమ్మదిగా పూడుకుంది. ముసలితనపు వాపు, పెద్ద విశేషమేమీ కాదు. కాని ఆ చర్మం మీద నా వేలు కాక ఇంకొకరి వేలు ఉన్నట్టనిపించింది. గరుకుగా, కార్బాలిక్ సబ్బు వాసన వేసే వేలు. సుభద్రమ్మగారిది. ఆమెను ఎరిగినవాళ్లు నా చుట్టూ ఎవరూ మిగల్లేదు. అందుకే ఎరగని మీకు చెబుతున్నాను.

బస్తర్ సంస్థానం ఇంకా ఉన్న రోజులవి. జగదల్‌పూర్‌లో కాలేజీ లేదు, యూనివర్సిటీ నాగపూర్‌లో ఉంది. బడిపంతుళ్లు ఉద్యోగం చేసుకుంటూనే పరీక్షకు కట్టవచ్చునంటే, చిన్న పంతుళ్లం ఇద్దరం ఇంటర్‌కు చదువుతున్నాం. విశ్వవిద్యాలయాన్ని కళ్లతో చూడని విశ్వవిద్యాలయ విద్యార్థులం. నేను భోపాలపట్నం వర్తకుల ఇంటివాణ్ణి. రెండోవాడు సోడి లచ్చయ్య, కిష్టారం దగ్గరి దోర్ల గిరిజన రైతుల కొడుకు. పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లం, మధ్య ఒకటే మట్టిగోడ. చదివే పుస్తకాలు ఒకటే, దీపం ఒకటే. తిండి దగ్గర మాత్రం ఇద్దరివి రెండు దేశాలు.

మా నాన్న గోదావరి అవతలి మిల్లు నుంచి తెప్పించి బియ్యం పంపేవాడు. తెల్లగా మెరిసేవి. దంపుడు బియ్యం కూలివాళ్ల తిండని మా ఇంట్లో నమ్మకం. ఆ బియ్యాన్ని మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోసి, తడిబట్ట కట్టుకుని, ఎవరి చూపూ పడకుండా తలుపు వేసుకుని తినేవాణ్ణి. బజారు కూరలు ఎవరెవరు ముట్టుకున్నారో తెలియదు కనుక ఊరగాయతోనే చాలా పూటలు గడిచేవి. లచ్చయ్య గదికీ తలుపుంది, కాని వాడెప్పుడూ వేయలేదు. రాగిజావ కుండ, ఉలవలు, చింతచిగురు, ఎండుచేప. ఊరి నుంచి ఎవరొచ్చినా ఆ కుండ చుట్టూనే కూర్చునేవారు. గోడకివతల వాళ్ల నవ్వులు వింటూ నేను అన్నం మింగేవాణ్ణి.

"ఏంది సేటూ, తలుపేసుకొని ఏం తింటున్నవ్? బంగారమా?" అని అరిచేవాడు లచ్చయ్య.

"మడి లచ్చయ్యా."

"మడో గిడో! మా ఊర్ల కుక్కొక్కటే ఒంటిగ తింటది, ఎవడన్న గుంజుకపోతడని."

అప్పట్లో నేను మహా సంస్కర్తను. ఆదివారం ఆదివారం బడి హాలులో చర్చాగోష్ఠి జరిగేది. కులం మనిషి అల్లిన అబద్ధమని నేను మాట్లాడితే బల్లలు అదిరేవి. ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే గదికి వచ్చి తడిబట్ట కట్టుకుని తలుపు వేసుకునేవాణ్ణి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని నాకు తట్టలేదు. కాదు, అబద్ధమెందుకు? తట్టింది. పక్కకు తోసేశాను.

ఆ గోష్ఠికి వచ్చే ఒకే ఒక్క స్త్రీ సుభద్రమ్మగారు. రాజమండ్రి వైపు మనిషి. చిన్నతనంలోనే భర్త పోతే, మూల కూర్చోనని మొండికేసి, నర్సు చదువు చదివి ఇంత దూరం వచ్చింది. జగదల్‌పూర్ తెలుగు వర్తకుల ఇళ్లలో కానుపులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. పండుగ భోజనానికి మాత్రం ఏ ఇంటివాళ్లూ ఆమెను పిలిచేవారు కాదు. హాలులో చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చునేది, చప్పట్లు కొట్టేది కాదు.

వానలు వెనకబట్టే వేళకు నా కాళ్లు తిమ్మిరెక్కసాగాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. ఒక ఆదివారం మాట్లాడుతూ మాట్లాడుతూ మోకాళ్లు వంగి వేదిక మీదే కూలబడ్డాను. అందరూ గాలి విసురుతుంటే ఆమె వచ్చి, నా పంచె అంచు పైకి తీసి, కాలి ఎముక మీద వేలితో నొక్కింది. గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"ఏం తింటున్నావు నాయనా?"

"అన్నమేనండి."

"గంజేం చేస్తున్నావు?"

"పారబోస్తానండి. దాన్ని ఏం చేసుకుంటాం?"

"పనికొచ్చేదంతా కడిగి పారబోసి, మిగిలిన పిప్పిని మడి కట్టుకుని తింటున్నావన్నమాట. ఇది బెరిబెరి. మా వైపు గొప్పిళ్లలో చాలా చూశాను. గుండెకెక్కితే పోతావు."

"మందివ్వండి, వేసుకుంటాను."

"మందుసీసా ఎవరు కడిగారో అడగవేం?"

తవుడు పోని బియ్యం తినమంది, పూటకో దొప్పెడు రాగిజావ తాగమంది. లచ్చయ్య కుండలోది తాగమంది. విడిగా నేనే కాచుకుంటానన్నాను.

"కాచుకో. ఎవరు కాచినా జావ జావే, దానికి కులం లేదు. కాని నెల తిరక్కుండా మళ్లీ తెల్లన్నానికే పోతావు. ఒంటరిగా తినేవాణ్ణి ఏం తిన్నావురా అని అడిగే దిక్కుండదు."

నెల కూడా పట్టలేదు. ఎనిమిది రోజులు కాచుకున్నాను. తొమ్మిదో రోజు నాన్న పంపిన బస్తా వచ్చింది. ఇంకో రెండు వారాలకు పది అడుగులు వేయలేక గుమ్మం దగ్గర పడిపోయాను. లచ్చయ్య నన్ను భుజాన వేసుకుని తన గదిలో పడుకోబెట్టి, ఆమెను పిలుచుకొచ్చాడు. ఆమె జావ కలుపుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నా బిడ్డ మూడో నెలలో పోయాడు. పత్యమని మా అత్తగారు నాకు తెల్లన్నం, కారప్పొడి తప్ప ఏమీ పెట్టలేదు. నా పాలు తాగీ తాగీ నీలంగా అయిపోయాడు. దిష్టి అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నర్సు చదువుకెళ్లాక తెలిసింది, ఏం పెట్టి చంపుకున్నామో."

నేను దొప్ప అందుకుని తాగాను.

"ఎట్లుంది సేటూ?" అన్నాడు లచ్చయ్య.

"పుల్లగుంది."

"కులం పోతే గట్లనే పుల్లగుంటదేమో. రెండో దొప్పకు మంచిగైతది తియ్."

ఆమె వాణ్ణీ వదల్లేదు. చలిజ్వరం వస్తే వాడు క్వినైన్ బిళ్లలు పైకప్పు గడ్డిలో దాచేసి, ఊరి పూజారి వడ్డెను పిలిచి దేవతకు కోడిని కోయించేవాడు. "ఒకడికి మడి, ఒకడికి దయ్యం" అని ఇద్దర్నీ కలిపి తిట్టి, ఒక కట్టడి పెట్టింది. నా ఎదుట వాడు బిళ్ల మింగాలి, వాడి ఎదుట నేను జావ తాగాలి. ఇద్దరం బతికాం. పరీక్ష కూడా గట్టెక్కాం.

సంగతి భోపాలపట్నం చేరింది. సెలవులకు వెళితే నాకు వరండాలో విస్తరి వేశారు. అమ్మ దూరం నుంచి వంగి వడ్డించింది. "మంచిగ సదువుకున్నవ్ బిడ్డా. ఇగ లోపల నీకు పీట లేదు" అన్నాడు నాన్న. అప్పుడు నా చెల్లెలు రాజ్యం తొలి కానుపుకు ఇంట్లోనే ఉంది. దానికీ అదే పత్యం రాసిపెట్టి ఉంది. వరండాలో నిలబడి గంటసేపు వాదించాను. నా తర్కం పదునెక్కిన కొద్దీ నాన్న ముఖం గోడవైపు తిరిగింది.

"వాదించావా?" అంది సుభద్రమ్మగారు, నేను తిరిగి వెళ్లి చెబితే.

"బాగా వాదించానండి."

"చెడగొట్టావు."

సెలవు పెట్టి, ఉప్పు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, భోపాలపట్నం తనే వెళ్లింది. పురిటిగదికి పది రోజులు మైల. ఆ గదిలోకి మడి రాదు, అక్కడ మంత్రసానిదే పెత్తనం. నేను పగలగొట్టాలని చూసిన గోడలో వాళ్లే వదిలిన సందు అది. ఆ పది రోజులూ రాజ్యానికి రాగిజావ, ఆకుకూర, గంజి వార్చని అన్నం పెట్టింది. పదకొండో రోజు గది కడగడానికి అమ్మ చెంబు పట్టుకొస్తే, తన బిడ్డ సంగతి చెప్పింది. మర్నాడు అమ్మ గంజి వార్చలేదట. మేనకోడలు నిక్షేపంగా పెరిగింది.

తర్వాత రెండేళ్లకు కలరా ఊళ్లలో తిరుగుతూ సుభద్రమ్మగారు ఆ కలరాతోనే పోయింది. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల ఇళ్ల నుంచి ఎవరూ రాలేదు. లచ్చయ్య, నేను, ఆసుపత్రి ఊడ్చే ఇద్దరు మనుషులు, నలుగురమే మోశాం.

నా వాదనలు పుస్తకాలయ్యాయి. వాటిని చదివి ఎవరైనా ఒక్కపూట వంట మార్చుకున్నారో లేదో నాకు తెలియదు. చాలా ఏళ్లకు నాన్న పోయాడని కబురొస్తే వెళ్లాను. చావుమైల పట్టిన ఇంట్లోకీ పది రోజులు మడి రాదు, నన్ను వరండాలో ఆపేవాళ్లు లేరు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పీట వేసి, ఎర్రగా ఉన్న దంపుడు బియ్యపన్నం వడ్డించి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"పది దినాలు ఈడనే తిను బిడ్డా" అంది.

తిన్నాను. నేను సంపాదించుకున్న గెలుపు కాదది. ఒక పరాయి మనిషి ఉప్పు లారీలో వచ్చి వేసిపోయిన తోవ. నా జీవితంలో నిండుగా తిన్న భోజనాలంటే ఇప్పటికీ ఆ పది రోజులవే. పదకొండో రోజు మైల తీరి ఇల్లు కడగడం మొదలుకాక ముందే, వెళ్లమని చెప్పే బాధ అమ్మకు లేకుండా, సంచీ సర్దుకుని జగదల్‌పూర్ వైపు పోయే మద్దేడ్ దారి పట్టాను.