మాది కాని సీను

వెంకటాచలం గారి దగ్గరికి ఎవరు కేసు పట్టుకొచ్చినా ఆయన ముందు కాగితాలు పక్కన పెట్టించేవారు. "కథ చెప్పు" అనేవారు. ఇంటి గొడవైనా, సినిమా టైటిల్ గొడవైనా సరే, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని మొదట్నుంచి చివరిదాకా వినాల్సిందే. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తల్లో నిద్రపోతున్నారనుకునేదాన్ని. క్లయింటు ఏదైనా దాటేస్తే ఒక కన్ను తెరిచి "అక్కడేదో మింగేశావ్" అనేవారు. క్లయింటు సంగతేమో గానీ నేను ఉలిక్కిపడేదాన్ని.

అది ఫిల్మ్ నగర్ నేర్పిన అలవాటు. మా ఆఫీసు వీధిలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎవరికో కథ చెబుతూ ఉండేవారు. అప్పట్లో రోడ్డు పక్కన ఇంకా బండరాళ్లు ఉండేవి, కార్లు తక్కువ. మధ్యాహ్నం కిటికీ తెరిస్తే ఎదురింటి కథాచర్చ అంతా మాకు వినపడేది. హీరో చచ్చిపోవాలని ఒకరు, వద్దని ఇంకొకరు. టీ తెచ్చిన మనిషి మంచి ముక్క చెబితే అదీ కథలో చేరిపోయేది. ఎవరు ఏది కలిపారో ఎవరికీ గుర్తుండేది కాదు, ఆ పట్టింపూ ఉండేది కాదు. ఇప్పుడందరూ ఏసీ గదుల్లో తలుపులు బిగించుకున్నారు. వెంకటాచలం గారు కూడా ప్రాక్టీసు మానేసి వెంగళరావు నగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆ మధ్యాహ్నాల మీద నాకు బెంగ తీరడం లేదు.

ఏఐ వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరికంటే ముందు సంబరపడింది ఆయనే. అరవై దాటిన మనిషి, కొత్త సైకిలు కొనిచ్చిన పిల్లాడిలా రోజంతా దానితోనే. అయినా ఆయన కట్టుబాట్లు ఆయనకున్నాయి. క్లయింటు ఒప్పుకోకుండా అతని కాగితం ఒక్కటి కూడా దానికి చూపించేవారు కాదు. అది చెప్పిన తీర్పు నిజంగా ఉందో లేదో పుస్తకంలో చూసుకోకుండా కోర్టులో నోరు విప్పేవారు కాదు. "లేని తీర్పుని కూడా ఎంత నమ్మకంగా చెబుతోందో చూడు హైమా, ముచ్చటేస్తోంది" అని నవ్వేవారు. అంత జాగ్రత్త మనిషీ ఒకసారి బోల్తా పడ్డారు.

శ్రీకృష్ణ అని యూసుఫ్‌గూడలో ఒక రచయిత. ఏళ్ల తరబడి ఆఫీసు ఆఫీసుకీ తిరిగి కథలు చెప్పాడు, తెర మీద ఒక్కసారీ పేరు పడలేదు. అతని కథలో డబ్బింగ్ చెప్పే తల్లికి గొంతు పోతుంది. కూతురు ఎవరికీ తెలియకుండా ఆమె బదులు మాట్లాడుతుంది. అది విన్న ఒక దర్శకుడు 'కబురు చేస్తాం' అని పంపించేసి, తర్వాత అదే కథతో సినిమా తీసేశాడు. పోస్టర్ మీద కథ అన్న చోట తన పేరే వేసుకున్నాడు. "నాకు వేరే ఏం వద్దు సార్. తెర మీద నా పేరు వడాలె, గంతే" అన్నాడు శ్రీకృష్ణ. విడుదలకి పట్టుమని పది రోజుల్లేవు.

ఆ తొందరలో వెంకటాచలం గారు మొట్టమొదటిసారి కథ చెప్పించుకోవడం మానేశారు. శ్రీకృష్ణని అడిగి, అతను రచయితల సంఘంలో రిజిస్టర్ చేసిన కథనీ, దర్శకుడు అక్కడా ఇక్కడా ఇచ్చిన ఇంగ్లీషు ఇంటర్వ్యూలనీ ఏఐకి ఇచ్చి, రెండిట్లో కలిసే సీన్లు తీయమన్నారు. చకచకా తీసిచ్చింది. అన్నిట్లోకీ గట్టిది ఆఖరి సీను. చనిపోయిన తల్లి పాత వీడియోలో మాట వినపడదు, పెదాలు మాత్రం కదులుతుంటాయి. ఖాళీ డబ్బింగ్ థియేటర్లో కూతురు ఒక్కతే నిలబడి దానికి గొంతు ఇస్తుంది. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. పిటిషన్ తయారైంది, శ్రీకృష్ణ చదివి సంతకం పెట్టాడు, కోర్టులో వేశాం.

విచారణ రోజు ముగ్గురం కారులో బయల్దేరాం. ఆయనకి పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది. "కోర్టు దాకా ఖాళీయే కదయ్యా, కథ చెప్పు" అని కళ్లు మూసుకున్నారు. శ్రీకృష్ణ ఎంత బాగా చెప్పాడంటే, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సంగతే నేను పట్టించుకోలేదు. కథ అయిపోయాక ఆయన కళ్లు తెరిచారు.

"ఆ వీడియో సీను చెప్పలేదేంటయ్యా?"

"అది నా కథల లేదు సార్."

"లేకపోవడమేంటి? పిటిషన్‌లో ఉందిగా!"

"ఉన్నది, సదివిన. మస్తుగున్నది. మీరే కలిపిన్రు అనుకున్న."

కథాచర్చల్లో పెరిగిన మనిషి మరి! పెద్దవాళ్లెవరైనా మంచి సీను కలిపితే దణ్ణం పెట్టి తీసుకోవడమే అతనికి తెలుసు. ఫైలు తెరిచి చూసుకుంటే తెలిసింది, దర్శకుడు ఇంటర్వ్యూలో చెప్పిన సీనుని ఏఐ తీసుకెళ్లి శ్రీకృష్ణ కథలో వేసేసింది. వెంకటాచలం గారు దాన్ని అసలు కథతో సరిచూడలేదు.

"గా సీను తీసేస్తే ఓడిపోతమా సార్?" అన్నాడు శ్రీకృష్ణ.

"ఓడిపోవచ్చు."

"ఉంచితే?"

"గెలవొచ్చు. నీది కానిదాంతో."

శ్రీకృష్ణ ఆయన వైపు తిరిగాడు. "నా సీన్లు ఎత్తుకపోయిండనే గదా సార్ నేనొచ్చింది. తీసెయ్యుండ్రి" అన్నాడు.

కోర్టులో జడ్జి గారు సరిగ్గా ఆ సీను దగ్గరే ఆగి, "దీనికేమంటారు?" అని అవతలి లాయరుని అడిగారు. కాగితాలు ముందురోజే చేతికందిన అతను అసలు కథతో పోల్చి చూసుకున్నట్టు లేదు, పేజీలు వెతకడం మొదలుపెట్టాడు. మేం ఇంకాసేపు నోరు మూసుకుంటే సినిమా విడుదల మీద స్టే వచ్చినట్టే. వెంకటాచలం గారు లేచి నిలబడ్డారు. "ఆ పేరా ఏఐతో రాయించాను. అసలుతో సరిచూసుకోలేదు. ఆ సీను మాది కాదు. తప్పు నాది, నా క్లయింటుది కాదు" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన మనిషి మీద నాకింకా కోపం పోలేదు. జడ్జి గారు ఆయన్ని గట్టిగానే మందలించారు. తల వంచుకుని నిలబడ్డ ఆయన్ని చూడలేక నేను చేతిలో ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను.

తర్వాత జడ్జి గారు శ్రీకృష్ణని ముందుకు పిలిచారు. "మిగతావైనా మీవేనా?"

"కథ జెప్పమంటరా సార్?" అన్నాడతను.

చెప్పమన్నారు. చేతిలో కాగితం లేకుండా చెప్పాడు. తల్లి గొంతు పోయే చోట, రాసుకుంటున్న గుమాస్తా కూడా కలం ఆపేశాడు. వెనక బెంచీలో దర్శకుడు తలెత్తలేదు. మధ్యాహ్నం అవతలి లాయరే మా దగ్గరికి వచ్చి, కథకుడిగా శ్రీకృష్ణ పేరు వేస్తామని రాసిచ్చాడు.

విడుదల రోజు మార్నింగ్ షోకి ముగ్గురం వెళ్లాం. తెర మీద 'కథ: శ్రీకృష్ణ' అని పడ్డప్పుడు అతను బిగుసుకుపోయాడు. వెంకటాచలం గారు మాత్రం లేచి నిలబడి, వెనకవాళ్లు "కూర్చో తాతా" అని అరిచే దాకా చప్పట్లు కొట్టారు. ఆఖర్న ఆ వీడియో సీను వచ్చింది. జనమంతా ఏడుస్తున్నారు. శ్రీకృష్ణ కూడా వెక్కి వెక్కి ఏడుస్తూ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"గిది నాది కాదు సార్."

"తెలుసయ్యా" అని ఆయన అతని చెయ్యి పట్టుకున్నారు.