గొంతెత్తని ఆగ్నెస్

మధ్యాహ్నం లెక్కల పాఠం అయ్యాక ఆగ్నెస్ పెన్సిలు కింద పెట్టి తల్లిని అడిగింది.

"అమ్మా, ఇద్దరు పిల్లలు ఒకేసారి మాట్లాడితే ఎవరు ముందు ఆగాలి?"

లూర్దుమేరీ లెక్కల పుస్తకం మూసి కూతురి వైపు చూసింది. తోటి పిల్లలున్న పిల్లకు ఇలాంటి అనుమానం రాదు. ఆగ్నెస్‌కి ఎనిమిదేళ్లు. దోహా వచ్చిన రెండేళ్లలో ఇంకో పిల్లతో కూర్చుని పది మాటలు మాట్లాడింది లేదు.

వాళ్లది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. లూర్దుమేరీ భర్త బాలశౌరి దోహా పక్కనే లుసైల్‌లో ఏసీ టెక్నీషియన్. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఫ్యామిలీ వీసా చదువుల ఏడాది మధ్యలో వచ్చింది. మూడు బడుల్లో సీట్లు లేవన్నారు. నాలుగో బడిలో పరీక్ష పెడితే పిల్ల పెదవి విప్పలేదు. ఊళ్లో కాన్వెంటులో మూడేళ్లు పాఠాలు చెప్పిన లూర్దుమేరీ, "ఇంట్లో నేనే చెప్పుకుంటాను" అంది. ఎక్కాలు, ఇంగ్లీషు, చర్చి జ్ఞానోపదేశం, అన్నీ నేర్పింది.

అయితే ఆగ్నెస్ ఏది చెప్పినా గుసగుసగానే చెప్పేది. వాళ్లుండేది ఒక విల్లాని చెక్క గోడలతో ఎనిమిది గదులుగా విడగొట్టిన ఇల్లు. అక్కడి చట్టం ప్రకారం అలా అద్దెకివ్వకూడదు. పిల్లల చప్పుడు వీధిలోకి వినిపిస్తే అందరినీ ఖాళీ చేయిస్తారని అద్దె వసూలు చేసే మనిషి మొదటిరోజే బెదిరించాడు. ఆ భయం తల్లికి పట్టుకుంది. తల్లి నుంచి పిల్లకి పట్టుకుంది.

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలు కొన్ని, అక్కడ సెలవురోజైన శుక్రవారం పూజ తర్వాత చర్చి ఆవరణలోని హాల్లో కలుస్తాయని ఆ వారమే తెలిసింది. గోవా వాళ్లు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు. ముందు అందరూ జపమాల చెప్పుకుంటారు. తర్వాత పిల్లలు ఆడుకుంటారు, తల్లులు పుస్తకాలు మార్చుకుంటారు. పెద్ద దిక్కు గోవా ఆవిడ ఫిలోమెనా.

లూర్దుమేరీ పిల్లను మూడు శుక్రవారాలు తీసుకెళ్లింది. ఆగ్నెస్ తల్లి చున్నీ వదల్లేదు. ఎవరేమడిగినా నేల చూపులు. నాలుగో వారం ఫిలోమెనా ఆమెను పక్కకు పిలిచి హిందీలో అంది.

"మేరీ, ఏమీ అనుకోకు. పాపని డాక్టరుకు చూపించు. మా పిల్లలు జంకుతున్నారు. కుదుటపడ్డాక తీసుకురా."

లూర్దుమేరీ తల ఊపి గేటు దాకా నడిచింది. అక్కడ ఆగి, పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కతే వెనక్కి వచ్చింది. హాల్లో తల్లులంతా ఉన్నారు.

"దీదీ, దానికి జబ్బేం లేదు" అంది, వచ్చీరాని హిందీలో. "దాని నోరు మూసింది నేనే. ఏడిస్తే ఈ చేత్తోనే మూశాను. నవ్వినా మూశాను. ఇప్పుడు మాట్లాడమంటే మాట్లాడటంలేదు. నా ఒక్కదానివల్ల కావటంలేదు. దాన్ని పంపేయకండి."

ఒకావిడ వాచీ చూసుకుంది. "అందరం మాట్లాడుకుని మెసేజ్ పెడతాం" అంది ఫిలోమెనా చివరికి.

మెసేజ్ రాలేదు. బుధవారం అధికారులు వచ్చారు. విల్లా పది రోజుల్లో ఖాళీ చెయ్యాలన్నారు. పిల్ల రెండేళ్లు నోరు మూసుకుని బతికినా ఆ గది మాత్రం దక్కలేదు.

"నేను సనయ్యాలో మగాళ్లుండే కంపెనీ క్యాంపుకెళ్తాను" అన్నాడు బాలశౌరి. "మీరిద్దరూ ఊరెళ్లిపోండి మేరీ."

"వెళ్తే మాత్రం? అక్కడ దీనికి గొంతొస్తుందా? ఏవండీ, ఒక్క శుక్రవారం ఆగండి."

శుక్రవారం ఎవరూ పిలవకపోయినా లూర్దుమేరీ హాల్లోకి వెళ్లింది. గది పోయిందని ఈసారి ఇంగ్లీషులో చెప్పింది. సామాను పెట్టుకోవడానికి ఎక్కడైనా ఒక మూల ఇప్పించమని అడిగింది. ఫిలోమెనా కళ్లు దించుకుంది.

గోడవారన కూర్చున్న ఫిలిప్పీన్స్ నర్సు మారిసెల్ లేచింది. అంతవరకూ లూర్దుమేరీని పలకరించని మనిషి.

"ఎన్ని పెట్టెలు?" అని అడిగింది.

"మూడు."

"నా ఇద్దరు పిల్లలకీ మా అత్తగారు పాఠాలు చెప్పేది. పోయిన నెల మనీలా వెళ్లిపోయింది. నాకు డ్యూటీ. మా ఇంట్లోనే ఉండి నువ్వు లెక్కలు చెప్తావా?"

లూర్దుమేరీ ఆమె చేతులు పట్టుకుంది.

బాలశౌరి క్యాంపుకి మారాడు. భార్యాబిడ్డల్ని చూసేది శుక్రవారం చర్చి దగ్గరే. వీసా జూన్ దాకా ఉంది. తర్వాత ఏమిటో ఇద్దరికీ తెలియదు. మారిసెల్ ఇంట్లో మొదటి నెలంతా ఆగ్నెస్ మంచం కింద దూరి పుస్తకం చదువుకుంది. లూర్దుమేరీ ఆశ వదిలేసుకుని ఊరెళ్లే టికెట్ల సంగతి కూడా అడిగి వచ్చింది.

ఒకరోజు ఆమె చపాతీపిండి కలుపుతుంటే మారిసెల్ చిన్నకూతురు ఏడుస్తూ వచ్చింది.

"ఆంటీ, ఆగ్నెస్ నా మీద అరిచింది!"

"ఏమని?"

"తన రబ్బరు ముట్టుకోవద్దని."

లూర్దుమేరీ పిండి చేతులతోనే నేల మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని భర్తకు ఫోన్ చేసింది. అతను ఏదో టవర్ పైన పనిలో ఉన్నాడు. గాలి హోరులో రెండుసార్లు చెబితేగాని అర్థం కాలేదు.

"గట్టిగానే అరిచిందా?" అన్నాడు.

"గట్టిగానేనంటండీ."