మాంత్రికుడి మీసం

ఆ రోజు పొద్దున కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు పెదవి చివర నుంచి జారి జాకెట్టు మీద పడ్డాయి. నిద్రమత్తేమో అనుకుని మళ్లీ పుక్కిలించాను. మళ్లీ అంతే. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడడం లేదు. మూతి కుడివైపుకు లాక్కుపోయి ఉంది. మా ఆయన వర్క్‌షాపు డ్యూటీకి బయలుదేరుతున్నవారు సైకిలు గోడకు ఆనించేసి, నన్ను టోటో రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరు చూసి భయపడాల్సింది కాదన్నారు. ముఖానికి వెళ్లే నరం వాచిందనీ, మందులు వాడితే తగ్గుతుందనీ, కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుందనీ చెప్పారు. ప్రాణానికి ప్రమాదం లేదన్న మాటకు మా ఆయన అక్కడే కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఏడుపూ రాలేదు, ఊరటా కలగలేదు. స్కూలు గుర్తొచ్చింది.

బెంగాలీల ఊళ్లో రైల్వే కాలనీ అయిన న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు స్కూల్లో నేను ఒకటో తరగతి చెబుతాను. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బంగ్లా మాట్లాడతారు. వాళ్లకు అక్షరం చూపిస్తే చాలదు, నోరు కూడా చూపించాలి. "నా పెదాలు చూడండి, రెండూ కలపాలి" అంటూ ప, బ, మ పలికిస్తూ ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు ఆ అక్షరాలే నాకు రావు. పెదాలు కలవక గాలి ఎడమవైపు నుంచి పోతోంది. 'మ' అనబోతే 'వ' వస్తోంది.

సెలవు పెట్టాను. తరవాత మాట్లాడడం కూడా మానేశాను. ఎవరైనా పలకరించడానికి వస్తే పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపేదాన్ని. ఇక స్కూలు మానేస్తానని మా ఆయనకు కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అన్నం కలుపుకోమన్నారు.

ఆ రోజుల్లో నన్ను వదలని మనిషి మా వెనక లైన్లో ఉండే అక్క. వరసకు అక్క కాదు. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. రోజూ ఒకసారి వచ్చి, మూతపడని నా కంట్లో చుక్కలు వేసి, పడుకునేటప్పుడు రెప్ప మీద టేపు ఎలా వేసుకోవాలో మా ఆయనకు చూపించి, ప్రార్థన చేసి వెళ్లేవారు. వెళ్తూ వెళ్తూ ఒకే మాట.

"అద్దం ముందు నిలబడి ప ఫ బ భ మ గట్టిగా సదువమ్మా. టీసరివి, నీకు నాను సెప్పాలేటి?"

సరేనని తల ఊపేదాన్ని. ఆవిడ గేటు దాటగానే అద్దం వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క ఒంటరిగా రాలేదు. వెనకాలే ఎదురు క్వార్టర్‌లో ఉండే బెంగాలీ దీదీ, ఆవిడ వెనక మలంచా పేట నుంచి టోటోలో దిగిన మా స్కూలు లెక్కల టీచరు. దీదీ చేతిలో ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కలిపిన మరమరాల గిన్నె ఒకటి, మూతపెట్టిన చిన్న గిన్నె ఒకటి ఉన్నాయి. ఆ చిన్న గిన్నె నా ముందు పెట్టింది. పాయసం. మరమరాలు నాకు ఎడమ బుగ్గలో ఇరుక్కుపోతాయని ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు.

లెక్కల టీచరు చెప్పులు విప్పుతూనే పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

"ఒలే, మీసంలో పేణం ఉన్న మంత్రగాడి సినిమా సిన్నప్పుడు సూసినానని స్టాఫ్ రూంలో తెగ సెప్పీదానివి కదేటి? దొరికింది. టీవీకి ఎక్కడ పెట్టాలో సెప్పు దీన్ని."

నేను చెయ్యి చూపించాను.

ఆ సినిమా నేను పూర్తిగా చూశానని చెప్పలేను. నా చిన్నప్పుడు పండగలకు మా క్వార్టర్ల మధ్య మైదానంలో తెర కట్టి సినిమాలు వేసేవారు. ముందు పెద్దవాళ్లు నిండిపోతే మేం పిల్లలం తెర వెనక్కి పోయి, గడ్డిలో కూర్చుని చూసేవాళ్లం. అటునుంచి పేర్లన్నీ తలకిందులు కాకపోయినా కుడి ఎడమలు తిరగబడి కనిపించేవి. అది మాకు పెద్ద పట్టింపు కాదు, చదవడం అప్పటికి వస్తే కదా.

కిటికీ తలుపులు దగ్గరగా వేసి సినిమా పెట్టారు. అక్క నా పక్కన కంటి చుక్కల సీసాతో కూర్చున్నారు. ఆ జబ్బులో ఎడమ చెవికి చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. మొదటిసారి రాక్షసుడు నవ్వినప్పుడు నేను ఉలిక్కిపడి చెవి మూసుకున్నాను. లెక్కల టీచరు చూసింది. అప్పటినుంచి రిమోటు చేతిలోనే పట్టుకుంది. రాక్షసుడు తల వెనక్కి వంచాడంటే చాలు, వాడు నవ్వేలోగా సౌండు తగ్గించేసేది.

సినిమా ఎంత బాగుందంటే, ఒక్కటీ నమ్మేటట్టు లేదు. ఒళ్లంతా బొచ్చు కట్టుకున్న రాక్షసుడు కొండ మీంచి దూకితే కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు.

"పీటీ పిరియడ్ నుంచి తిన్నగా వచ్చీసినాడేటి ఈడు!" అంది లెక్కల టీచరు.

రాకుమారుడు చెరువు దాటడానికి మొసలి మీద ఎక్కాడు. మొసలి గట్టు మీదికి రాగానే దీదీ గుప్పిట్లో మరమరాలు గుప్పిట్లోనే ఉంచుకుని అరిచింది. "చాకా! చాకా! దేఖో, మొసలికి చాకా ఉంది!" నిజమే, పొట్ట కింద చక్రాలు తిరుగుతున్నాయి.

అక్క మాత్రం సినిమాను చాలా గట్టిగా పట్టించుకున్నారు. మాంత్రికుడు రాకుమారుడి తల్లిని బొటనవేలంత చేసి గాజు సీసాలో పెట్టి బిరడా బిగిస్తే ఆవిడకు ఊపిరాడలేదు. "ఓరి దుర్మార్గుడా, గాలాడదు కదరా! ముందు మూత తియ్యి!" అంటూ నా మోకాలు మీద కొట్టారు.

ఆ గొడవలో రాకుమారుడు కత్తి దూశాడు. నేను నోటిమీంచి చెంగు తీసేశాను.

"కత్తి కుడి సేతిలో ఉందేటి?"

ముగ్గురూ నావైపు తిరిగారు. వాళ్లు నా గొంతు విని చాలా రోజులైంది. నేను కూడా.

"ఎడం సేతిలో ఉండాల," అన్నాను. "తెర ఎనక కూకొని సూసినాను."

లెక్కల టీచరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు చేరగిలబడి నవ్వింది. ఇన్నేళ్లూ ఆ రాకుమారుడు ఎడమచేతి వాటం మనిషని నేను నమ్మాను. ఒకసారి ఎడమచేత్తో రాస్తున్నాడని ఒక పిల్లాణ్ణి ఎవరో తిడుతుంటే, గొప్ప వీరులు కూడా అలాగే ఉంటారని వాదించాను కూడా.

మాంత్రికుడు గుహలో నిద్రపోయాడు. వాడి మీసం మంచం దిగి నేల మీద పాకుతోంది. రాకుమారుడు కత్తి పట్టుకుని మెల్లగా దగ్గరికి వెళ్లాడు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. కాసేపు చూశాం, రాలేదు.

"తార్‌పొర్?" అంది దీదీ చీకటి టీవీ వైపు చూస్తూ. తరవాతేమిటని.

"దీన్ని అడుగు. ఇది సూసింది కదా," అంది లెక్కల టీచరు.

నేను తల అడ్డంగా ఊపాను. దీదీ జరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నన్ను బంగ్లాలో టీచరును పిలిచినట్టు దిదిమొణి అంటుంది.

"బోలో దిదిమొణి. చెప్పు. తార్‌పొర్?"

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను. "వాంత్రికుడు..."

ఆగిపోయాను. మాంత్రికుడు అనబోతే వాంతులు చేసుకునేవాడు వచ్చాడు. లెక్కల టీచరు పెదవి కొరుక్కుని గోడ వైపు తిరిగింది. అక్క ఆగిపోయిన ఫ్యాను వైపు దీక్షగా చూస్తున్నారు. లేచి లోపలికి వెళ్లిపోదామనుకున్నాను.

దీదీకి ఇవేవీ తెలియవు. ఆవిడకు వచ్చిన తెలుగంతా మా నుంచి విన్నదే. టీచరమ్మ అన్నది కాబట్టి అదే సరైన మాట అనుకుని, జాగ్రత్తగా, ఒత్తి పలికింది.

"వాంత్రికుడు? మాజిషియన్ కో వాంత్రికుడు బోల్తే హై?"

ముందు నవ్వింది నేనే. ఎక్కడినుంచి వచ్చిందో ఆ నవ్వు. కుడి బుగ్గ నొప్పి పుట్టింది, ఎడమది తడిగుడ్డలా అలాగే ఉంది, ఆ కంట్లోంచి నీళ్లు ధారగా కారాయి. నన్ను చూసి లెక్కల టీచరు, ఆవిడను చూసి అక్క. అక్క నా కంటికోసం తెచ్చిన దూదితో తన కళ్లు తుడుచుకున్నారు. దీదీకి ఎందుకు నవ్వుతున్నామో హిందీలో చెప్పేసరికి ఆవిడ మరమరాల గిన్నె పక్కన పెట్టేసి చాప మీద ఒరిగిపోయింది.

నవ్వు ఆగాక చూసుకుంటే చెంగు ఒళ్లో ఉంది. దాన్ని మళ్లీ నోటిమీదికి తీసుకోలేదు.

"వాడి ఫ్రాణం వీసంలో ఉంది కదా..." అని ఎత్తుకున్నాను.

"వీసమంత పేణవేనా? పరక కూడా కాదేటి?" అంది లెక్కల టీచరు. వీసం పాతకాలపు లెక్కల్లో పదహారో వంతు, పరక దానికి రెట్టింపు. ఆవిడ అలాంటిది వదలదు.

అప్పుడు అక్క నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. నా ఎడమ పెదవి చివర వేలు ఆనించి, కిందికి జారిన మూలను మెల్లగా పైకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇప్పుడు సెప్పు. తొందర లేదు."

"మీసం," అన్నాను.

పెదాలు కలిశాయి. మ వచ్చింది. చేతి ఆసరాతో వచ్చినదే, అయినా శుభ్రమైన మ. మరోసారి అనమన్నారు. అన్నాను. దీదీ చప్పట్లు కొట్టింది. లెక్కల టీచరు లేచి మంచినీళ్లకని లోపలికి పోయి, కాసేపు రాలేదు.

అక్క వేలు తీసి నా వేలినే అక్కడ పెట్టించారు. అలా పెట్టుకుని కథంతా చెప్పాను. రాకుమారుడు మీసం కత్తిరించగానే మాంత్రికుడు చీమంత అయిపోయాడనీ, తన సీసాలో తనే పడ్డాడనీ, తల్లి బయటికొచ్చి బిరడా బిగించిందనీ. అక్క తృప్తిగా తల ఊపారు. కరెంటు వచ్చాక చూస్తే సినిమాలో అదేమీ లేదు. మీసం తెగింది, పొగ వచ్చింది, మాంత్రికుడు మాయం. చిన్నప్పుడు నేను గడ్డిలో నిద్రపోయి, మిగతాది కల్పించుకుని ఉంటాను.

"దిదిమొణి కథే బాగుంది," అని దీదీ తీర్పు చెప్పింది.

మర్నాడు అద్దం ముందు నిలబడ్డాను. ముఖం పూర్తిగా బాగుపడకముందే స్కూలుకు వెళ్లాను. గేటు దగ్గర లెక్కల టీచరు నిలబడి ఉంది, తరగతి దాకా నాతో నడిచింది. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టీచరు పెదవికి జబ్బు చేసింది, అందుకే వేలు సాయం కావాలి, మీరు మాత్రం మామూలుగా చెప్పండి అని. విన్నారు. విని, అందరూ ఎడమ పెదవి చివర వేలు పెట్టుకుని "మ" అన్నారు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు జబ్బు తగ్గడానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పుడు నవ్వితే ఎడమవైపు కాస్త ఆలస్యంగా కదులుతుంది. తెలియనివాళ్లు గమనించరు.

చాలా రోజుల తరవాత అక్క మాటల మధ్య ఒక సంగతి బయటపెట్టారు. ఆ సినిమా ఊరికే దొరకలేదట. పేరు నాకే తెలియదు, ఇక లెక్కల టీచరుకేం తెలుస్తుంది? మీసం, మొసలి అన్న ఆనవాళ్లతో ఆవిడ విజయనగరం వైపున్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ముసలివాళ్లను అడిగించి, తప్పు సినిమాలు ఎన్నో చూసి, చివరికి పట్టుకుందట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

తరవాత ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు, ఇంత కష్టపడ్డావట, థాంక్స్ అన్నాను.

"థాంక్సేటే కొత్తగా?" అంది కుర్చీ లాక్కుంటూ. "టీ పెట్టు ముందు. ఆలిస్సెమైతే మలంచాకి టోటో దొరకదు."

పెట్టాను. అల్లం కాస్త ఎక్కువ దంచి వేశాను. ఆవిడకు అలాగే ఇష్టం.