గీత రావలసిన చోట రెండు లూపులు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. కొలిచి చూపించలేనిది లేనట్టేనని వాదించేవాణ్ణి. ఇది నేను కొలిచినదే. అందుకే రాస్తున్నాను.

అనంతపురంలో మా ల్యాబ్‌లో పెరోవ్‌స్కైట్ అనే రకం స్ఫటికాల మీద పరిశోధన చేసేవాళ్లం. పొడిని బిళ్లలుగా అదిమి, కాల్చి, రెండు వైపులా వెండి పూత పూసి వోల్టేజి ఇస్తాం. బిళ్ల ఫెర్రోఎలక్ట్రిక్ అయితే తెర మీద ఒకే ఒక లావుపాటి లూప్, అంటే మూసుకున్న వంపు గీత, వస్తుంది. వోల్టేజి తీసేసినా లోపలి విద్యుత్ ధ్రువాలు చాలావరకు ఒకే వైపు తిరిగి ఉంటాయి. యాంటీఫెర్రోఎలక్ట్రిక్ అయితే పక్కపక్క ధ్రువాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వోల్టేజి బాగా పెంచితేనే లొంగి ఒకే వైపు తిరుగుతాయి. అప్పుడు నడుమ సన్నగా, చివర్లలో రెండు చిన్న లూపులు వస్తాయి.

నా జూనియర్ లక్ష్మీదేవిది బెళుగుప్ప దగ్గర ఊరు. వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. మా గైడు అప్పటికే ఫెర్రోఎలక్ట్రిక్ అని పేపరు పంపేసిన బిళ్లలో ఆమెకు రెండు లూపులు వచ్చాయి. నన్ను పిలిచి చూపించింది. నేనూ మూడుసార్లు కొలిచాను. రెండే.

మీటింగులో గైడు అందరి ముందూ ఆమె కాగితం ఊపాడు.

“గొర్లు కాసేటోళ్లకు ఇవన్నీ యాడ తెలుస్తాయి? కొలిచేది రాదు, కథలు అల్లేది మాత్రం వచ్చు.”

“సార్, అన్న కూడా చూసినాడు,” అంటూ ఆమె నా వైపు తిరిగింది.

నా థీసిస్ మీద ఆయన సంతకం కావాలి. “నాకు ఒకటే వచ్చింది సార్,” అన్నాను.

దొంగ ఫలితాలు చూపించానని ఆమె చేతే రాయించుకుని పంపించేశారు. ఆ ఎండాకాలం కూలికి పోయి, వడదెబ్బ తగిలి చనిపోయిందని తెలిసింది. గైడు ఆమె టేబులు ఖాళీ చేయించాడు.

తర్వాతి సోమవారం పొద్దున పదకొండు గంటలకు, యంత్రాన్ని సరిచూడటానికి మామూలు కెపాసిటర్ పెట్టాను. దానికి ఏటవాలు గీత తప్ప మరొకటి రాకూడదు. రెండు లూపులు వచ్చాయి.

వైర్లు మార్చాను. కొత్త కెపాసిటర్ పెట్టాను. రెండే. నాతో పనిచేసే రేష్మా కూర్చుంటే గీత వచ్చింది. నేను కూర్చుంటే మళ్లీ రెండు. కంపెనీ ఇంజనీరు వచ్చి యంత్రం విప్పి చూశాడు. లోపమేమీ లేదన్నాడు.

“ఏమన్నా, నీ చేతిలో ఏముండాది?” అంది రేష్మా. ఆ రోజు నవ్వుతూనే అంది. వారం తర్వాత నవ్వడం మానేసింది.

తట్టుకోలేక లక్ష్మీదేవి ఊరికి వెళ్లాను. వాళ్ల నాయన గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన బకెట్టు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

“పోయే ముందర దినం గూడా చెప్పినాది పాప. ‘అన్న చూసినాడు నాయనా, నిజం చెప్తాడు’ అని. ఆ అన్నవు నువ్వేనా?”

నేను తలూపాను.

“చెప్తివి గదా. ఇంక పో అప్పా.”

ఆమె బిళ్లలో నాకూ రెండే వచ్చాయని గైడుకీ చెప్పాను. “నీకు డాక్టరేటు వద్దా?” అని మాత్రం అడిగాడు. మళ్లీ నోరు మూసుకున్నాను.

నా థీసిస్‌లోని కొలతలన్నీ రేష్మా తీసిపెట్టినవే. పట్టా వచ్చింది. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ల్యాబ్ తరగతి మాత్రం తీసుకోను. ఎందుకని తోటివాళ్లు అడుగుతారు. నా చేతికి రెండు లూపులు ఎందుకొస్తాయో నాకే తెలియదు, వాళ్లకేం చెప్పను?